కొట్టుకుపోయిన వంతెనకు రోజుల లెక్క

2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచెత్తింది. నగరానికి తూర్పున పాంచర్‌ట్రెయిన్ సరస్సు మీదుగా స్లైడెల్ పట్టణానికి వెళ్లే ఐ-10 రహదారికి రెండు వంతెనలుండేవి. ఒకటి వెళ్లడానికి, ఇంకొకటి రావడానికి. పొడవు 5.4 మైళ్లు, అంటే దాదాపు 8.7 కిలోమీటర్లు. 1965 నుంచీ వాటి మీద రాకపోకలు సాగుతున్నాయి. నీళ్లు తగ్గాక చూస్తే పదుల కొద్దీ స్పాన్లు, అంటే స్తంభాల మధ్య పరిచిన వంతెన ముక్కలు, సరస్సు అడుగున ఉన్నాయి. వందల కొద్దీ స్పాన్లు స్తంభాల మీంచి పక్కకు జరిగి, కొన్ని సగం గాల్లో వేలాడుతున్నాయి. స్తంభాలు మాత్రం చాలావరకు నిటారుగానే నిలబడ్డాయి.

సహాయ సామగ్రి రావాలన్నా, వలసపోయిన జనం తిరిగి రావాలన్నా ఆ దారి ముఖ్యం. లూసియానా రాష్ట్ర రవాణా శాఖ ఆగమేఘాల మీద టెండరు పిలిచింది. 3.09 కోట్ల డాలర్లకు పని దక్కించుకున్నది బో బ్రదర్స్. 1909 నుంచి న్యూ ఆర్లీన్స్‌లోనే ఉన్న స్థానిక నిర్మాణ సంస్థ అది. తుఫాను దాటిన 46వ రోజున, అక్టోబరు 14న, ఒక వంతెన మీద వాహనాలు తిరిగాయి. గడువుకు రెండు వారాలకు పైగా ముందే పని ముగిసింది.

కొన్నాళ్ల తేడాలో అదే ప్రాంతంలో, అదే తుఫాను పేరు మీద మరికొన్ని పనులు నత్తనడకన సాగాయి. కొన్నింట్లో డబ్బు నీళ్లలా ఖర్చయింది, అడుగున పనిచేసినవాడి చేతికి మాత్రం చిల్లర వచ్చింది. క్రేన్లు అవే, కాంక్రీటు అదే, మనుషులూ ఆ మనుషులే. తేడా ఒప్పంద పత్రంలో ఉంది. కాంట్రాక్టరుకు దేన్ని కొలిచి డబ్బిస్తామో, ప్రజలకు చివరికి దొరికేది అదే. అమెరికాలో హరికేన్ల తర్వాత జరిగిన పునర్నిర్మాణాన్ని ఈ కోణంలోంచి చూస్తే, ఇంజనీరింగ్ ఎంత ముఖ్యమో బిల్లులో రాసే ఆ ఒక్క గడి కూడా అంతే ముఖ్యమని తెలుస్తుంది.

కాంక్రీటు తేలికైన వేళ

ముందు అసలు సమస్య చూద్దాం. ఒక్కో స్పాన్ బరువు దాదాపు 300 టన్నులు. అంత బరువు నీటికి ఎలా కదిలింది?

గాలి పడగొట్టిందని చాలామంది అనుకుంటారు. కానీ పని చేసింది నీరు. హరికేన్ సముద్రపు నీటిని తీరం మీదికి నెట్టుకొస్తుంది. దాన్నే ఉప్పెన అంటాం. సరస్సు నీటిమట్టం వంతెన అడుగును తాకే దాకా లేచింది. ఆ మట్టం మీద మళ్లీ అలలు.

కాంక్రీటు సాంద్రత నీటికి దాదాపు 2.4 రెట్లు. కాబట్టి పూర్తిగా మునిగిన కాంక్రీటు దిమ్మె తన బరువులో 40 శాతానికి పైగా కోల్పోతుంది. 300 టన్నుల స్పాన్ 175 టన్నుల దరిదాపుకు వస్తుంది. అయినా అది కదలకూడదు. కానీ వంతెన అడుగున దాన్ని మోసే దూలాలు, అంటే గర్డర్లు ఉంటాయి. గర్డరుకూ గర్డరుకూ మధ్య, పైన కాంక్రీటు పలకతో, చివర్లలో అడ్డగోడలతో గదుల్లాంటి ఖాళీలు ఏర్పడతాయి. నీరు పైకి లేచినప్పుడు ఆ ఖాళీల్లోని గాలికి బయటికి పోయే దారి ఉండదు. బోర్లించిన గిన్నెను బకెట్టు నీళ్లలోకి నొక్కితే చేతిని ఎలా పైకి తంతుందో, అక్కడ జరిగిందీ అదే. చిక్కుకున్న గాలి స్పానును ఇంకా తేలిక చేసింది. అప్పటికే సగం తేలుతున్న స్పానును అల వెనక అల వచ్చి కింది నుంచి ఎత్తి, పక్కకు తోసింది. ఒక్కో అల కొద్ది అంగుళాలు జరిపినా చాలు. గంటల తరబడి కొడుతూనే ఉంటే స్పాన్ స్తంభం అంచు దాటిపోతుంది.

ఇంకో లోపం కూడా కలిసొచ్చింది. పాతకాలపు వంతెనల్లో స్పానును స్తంభానికి బలంగా బిగించేవారు కాదు. దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుందని ధీమా. భూమి మీద ఆ ధీమా చెల్లుతుంది, ఉప్పెనలో చెల్లదు. అంతకు ఏడాది ముందు, 2004 సెప్టెంబరులో, ఐవన్ హరికేన్ ఫ్లోరిడాలోని పెన్సకోలా దగ్గర ఎస్కాంబియా అఖాతం మీది ఐ-10 వంతెనను సరిగ్గా ఇలాగే దెబ్బతీసింది. అక్కడ 58 స్పాన్లు నీళ్లలో పడ్డాయి, 66 జరిగాయి. రెండు దెబ్బలూ చూశాక 2008లో అమెరికా రహదారుల అధికారుల సంఘం, తీర తుఫాన్లకు గురయ్యే వంతెనలకు ప్రత్యేకంగా డిజైను మార్గదర్శకాలు తెచ్చింది. అల పైకి ఎంత తంతుంది, పక్కకు ఎంత తోస్తుంది అన్న లెక్కలు వాటిలో ఉంటాయి.

ఒకదాన్ని విప్పి ఇంకొకదానికి

ఇప్పుడు కాంట్రాక్టరు చోట నిలబడి ఆలోచించండి. స్పాన్లు పోయాయి. కొత్తవి పోయాలి. కానీ కాంక్రీటుకు తొందర తెలియదు. సాధారణ మిశ్రమం ఏడు రోజుల్లో తన బలంలో మూడింట రెండొంతుల దాకా అందుకుంటుంది. లెక్కకు తీసుకునే పూర్తి బలం 28 రోజులకు. ఇది సిమెంటుకూ నీటికీ మధ్య జరిగే రసాయన చర్య. కూలీలను రెట్టింపు చేసినా, రాత్రింబవళ్లు లైట్లు వేసినా అది తన సమయం తాను తీసుకుంటుంది. పైగా ఊరు మునిగింది. కరెంటు లేదు, సిమెంటు ప్లాంట్లు ఆగిపోయాయి, కూలీలు తలోదిక్కూ చెదిరిపోయారు, వాళ్లకు పడుకోను చోటు లేదు.

అందుకని కొత్తగా పోయడమే మానేశారు. తక్కువ శ్రమతో బాగుపడే వంతెనను ఎంచుకుని, రెండో వంతెన మీద మిగిలిన మంచి స్పాన్లను ఊడదీసి, బార్జీల మీద తెచ్చి, ఖాళీల్లో అమర్చారు. పక్కకు జరిగిన స్పాన్లను కింది నుంచి జాకీలతో ఎత్తి తిరిగి స్తంభాల మీద కూర్చోబెట్టారు. రెండు వంతెనల్నీ ఒకే కొలతలతో, ఒకే అచ్చులో పోసినట్టు కట్టడం వల్లే ఇది కుదిరింది. 1960ల్లో తీసుకున్న ఆ నిర్ణయం నలభై ఏళ్ల తర్వాత ఇలా అక్కరకొచ్చింది. ఏడాది ముందు ఎస్కాంబియాలో గిల్బర్ట్ సదరన్, మాస్‌మన్ సంస్థలు ఉమ్మడిగా చేసిన పని కూడా ఇదే. అక్కడ ఒక దిక్కు వంతెన అక్టోబరు తొలి వారంలోనే తెరుచుకుంది. ఇంజనీర్లకు అప్పటికే ఒక దారి కనిపించి ఉంది.

రెండో వంతెనలో మిగిలిపోయిన ఖాళీలను ముందే తయారుచేసిన స్టీలు ప్యానెళ్లతో పూడ్చారు. పిన్నులతో ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయే ఈ పద్ధతికి మూలం రెండో ప్రపంచ యుద్ధకాలంలో డొనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజనీరు రూపొందించిన సైనిక వంతెన. 2006 జనవరి 6న ఆ వంతెన కూడా తెరుచుకుంది.

ఇదే బో బ్రదర్స్ మనుషులు తుఫాను వెళ్లిన రోజుల్లోనే నగరంలోని 17వ వీధి కాలువ దగ్గర గట్టు తెగిన చోట నీటికి అడ్డంగా స్టీలు షీట్ పైళ్లు దించారు. టెండర్లు, ఒప్పందాలు చూసుకునే వ్యవధి అక్కడ లేదు. దగ్గర్లో పైళ్లు, క్రేను, నడిపే మనిషి ఎవరి దగ్గరున్నారో వాళ్లే ముందుకొచ్చారు. విపత్తులో స్థానిక కాంట్రాక్టరుకున్న అసలు విలువ ఇదే. ఏ యార్డులో ఏ సామాను ఉందో, ఏ కాలువలో ఎంత లోతు ఉందో వాళ్లకు తెలుసు.

రోజుకు రెండు లక్షలు

వంతెన పని గడువుకు ముందే ముగియడానికి ఇంకో కారణముంది. ఒప్పందంలో రోజుకు ఇంత అని ప్రోత్సాహకం రాశారు. ముందు ముగిస్తే అదనంగా వస్తుంది, ఆలస్యమైతే కోత పడుతుంది.

ఈ పద్ధతికి అమెరికాలో అందరూ చెప్పుకునే ఉదాహరణ తుఫానుది కాదు, భూకంపానిది. 1994 జనవరిలో నార్త్‌రిడ్జ్ భూకంపానికి లాస్ ఏంజెలెస్‌లో శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలాయి. రహదారి మూతపడితే రోజుకు 10 లక్షల డాలర్ల నష్టమని రాష్ట్రం లెక్కకట్టింది. సి.సి. మైయర్స్ అనే సంస్థ 1.49 కోట్ల డాలర్లకు పని తీసుకుంది. గడువు 140 రోజులు. ముందుగా ముగించిన ప్రతి రోజుకూ 2 లక్షల డాలర్ల బోనస్. ఆ సంస్థ 66 రోజుల్లోనే రోడ్డు తెరిచింది. 74 రోజులు ముందు. అంటే 1.48 కోట్ల డాలర్ల బోనస్, దాదాపు టెండరు మొత్తమంత. దోపిడీ అని కొందరు గోల చేశారు. కానీ ఆ 74 రోజుల్లో నగరం పోగొట్టుకోబోయేది అంతకు అయిదు రెట్లు.

హడావుడి లేని రోజుల్లో కూడా అమెరికా రహదారి శాఖలు ఇలాంటి లెక్కే టెండరులో పెడతాయి. దాన్ని ఎ ప్లస్ బి అంటారు. ఎ అంటే పని ధర. బి అంటే కాంట్రాక్టరు అడిగే రోజులను, రోజుకు ప్రజలకు పడే భారంతో హెచ్చవేయగా వచ్చేది. ఉదాహరణకు రోజు విలువ 2 లక్షల డాలర్లనుకుందాం. ఒకాయన 3 కోట్లకు, 60 రోజుల్లో చేస్తానన్నాడు. ఇంకొకాయన 3.2 కోట్లకు, 40 రోజుల్లో అన్నాడు. మామూలు టెండరులో మొదటాయనే ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర అడిగినవాడు. కానీ రోజులు కలిపితే మొదటాయన లెక్క 4.2 కోట్లు, రెండో ఆయనది 4 కోట్లు. పని రెండో ఆయనకే పోతుంది. ప్రజల సమయానికి ధర కట్టాక, తక్కువ కోట్ చేసినవాడే చవకైనవాడు కానక్కర్లేదని లెక్కే చెబుతుంది.

కేంద్ర ప్రభుత్వ నిధుల తీరు కూడా తొందరకే మొగ్గు చూపుతుంది. కత్రినా నాటి కేంద్ర రహదారి సహాయ పథకం కింద మొదటి 180 రోజుల్లో చేసిన అత్యవసర మరమ్మతులకు ఖర్చంతా కేంద్రమే భరించేది. 2021 చట్టం ఆ గడువును 270 రోజులకు పెంచింది. ఆ తర్వాతి శాశ్వత పనులకు మామూలుగా రాష్ట్రం తన వాటా కలపాలి.

ట్రక్కులో ఎంత చెత్త?

రోడ్లు, వంతెనల కన్నా ముందు కాంట్రాక్టర్లు చేసే పని ఇంకోటుంది: శిథిలాల తొలగింపు. మొదట రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లను, స్తంభాలను కోసి పక్కకు నెట్టేస్తారు. అంబులెన్సు, ఫైరింజను, కరెంటు లారీ పోతే చాలు. తర్వాత వారాల తరబడి, నెలల తరబడి ఆ కుప్పలను ఎత్తిపోస్తారు.

ఈ పనికి చాలా చోట్ల డబ్బు క్యూబిక్ గజం లెక్కన ఇస్తారు. దానికి ఒక పద్ధతుంది. పని మొదలవడానికి ముందే ప్రతి ట్రక్కు తొట్టి పొడవు, వెడల్పు, లోతు కొలిచి, దాని సామర్థ్యం ఎంతో అంకె రాసి పక్కన బోర్డు అతికిస్తారు. రోడ్డు పక్క లోడు ఎత్తిన చోట ఒక పర్యవేక్షకుడు టికెట్టు రాస్తాడు. డంపింగు స్థలం గేటు దగ్గర ఎత్తయిన మంచె ఉంటుంది. దాని మీద నిలబడ్డ మనిషి ట్రక్కు లోపలికి తొంగి చూసి, 70 శాతమో, 85 శాతమో తన అంచనా టికెట్టు మీద వేస్తాడు. ఆ శాతాన్ని బోర్డు మీది అంకెతో హెచ్చవేస్తే బిల్లు తయారు.

ఇక్కడ డబ్బిచ్చేది బరువుకు కాదు, ఘనపరిమాణానికి. కొమ్మలను వదులుగా పడేస్తే ట్రక్కు నిండినట్టు కనిపిస్తుంది, లోపలంతా గాలి. గట్టిగా తొక్కి నింపినవాడికి ట్రిప్పులు తగ్గుతాయి, డబ్బూ తగ్గుతుంది. ఇది తెలిసే ఫెమా, అంటే అమెరికా కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ, చేత్తో నింపిన ట్రెయిలర్లకు చూసిన దానిలో సగమే లెక్కించాలని నిబంధన పెట్టింది. గంటల లెక్కన డబ్బిచ్చే పద్ధతిని తొలి 70 గంటలకే పరిమితం చేసింది. గంటకు డబ్బిస్తే గంటలు పెరుగుతాయి, గజానికిస్తే గజాలు పెరుగుతాయి. మంచె మీద మనిషిని పెట్టింది ఆ పెరుగుదలకు కళ్లెం వేయడానికే. మన దగ్గర ఎం.బుక్కు, అంటే పని కొలతల పుస్తకం రాసే ఇంజనీరు మీద ఎంత ఒత్తిడి ఉంటుందో, ఆ మంచె మీద ఉన్నవాడి మీదా అంతే ఉంటుంది.

ఫ్లోరిడాలో కౌంటీలు, నగరాలు ఈ ఒప్పందాలను హరికేన్ రుతువుకు ముందే కుదుర్చుకుంటాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా రుతువు. ప్రశాంతంగా ఉన్నప్పుడు టెండరు పిలిచి, రేట్లు ఖాయం చేసి పెట్టుకుంటే, తుఫాను రాకపోతే ఖర్చేమీ ఉండదు. వస్తే మర్నాడే ట్రక్కులు కదులుతాయి. తుఫాను వచ్చాక బేరమాడితే అవతలివాడు చెప్పిందే ధర.

175 డాలర్లు, 2 డాలర్లు

కత్రినా తర్వాత ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయినచోట తాత్కాలికంగా నీలం రంగు టార్పాలిన్లు కప్పే కార్యక్రమం జరిగింది. సైన్యంలోని ఇంజనీర్ల విభాగం దాన్ని నడిపింది. టార్పాలిన్లను ప్రభుత్వమే ఇచ్చింది. పరిచి మేకులు కొట్టడమే కాంట్రాక్టర్ల వంతు. 2005 డిసెంబరులో న్యూ ఆర్లీన్స్ పత్రిక టైమ్స్-పికాయున్ ఈ డబ్బు దారిని కింది దాకా వెతుక్కుంటూ వెళ్లింది. 100 చదరపు అడుగులకు పై కాంట్రాక్టరుకు 175 డాలర్ల దాకా అందింది. ఆయన ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి పని అప్పగించుకుంటూ పోగా, చివరికి కప్పెక్కి సుత్తి పట్టిన వాళ్లకు ముట్టింది 2 డాలర్లంత తక్కువ.

సబ్ కాంట్రాక్టు తప్పు కాదు. అంత పెద్ద పనిని ఒక్క సంస్థ తన మనుషులతోనే చేయలేదు. పైల్ కొట్టేవాడు వేరు, తారు పోసేవాడు వేరు, కరెంటు లాగేవాడు వేరు. కానీ పని చేయకుండా కాగితం మాత్రం చేతులు మారే అంతస్తులు పెరిగితే, ప్రతి అంతస్తులోనూ కొంత ఇంకిపోతుంది. ఆ అనుభవంతోనే 2006లో తెచ్చిన కత్రినా అనంతర సంస్కరణల చట్టం రెండు కళ్లేలు వేసింది. అది వర్తించే కేంద్ర ఒప్పందాల్లో వ్యయంలో 65 శాతానికి మించి సబ్ కాంట్రాక్టర్లకు వదలకూడదు. పోటీ లేకుండా ఇచ్చే అత్యవసర ఒప్పందాల గడువు 150 రోజులు దాటకూడదు.

కూలీ రేటు సంగతి వేరే కథ. కేంద్ర నిర్మాణ పనుల్లో స్థానికంగా చెల్లే వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని అమెరికాలో 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం చెబుతుంది. 2005 సెప్టెంబరు 8న అధ్యక్షుడు బుష్ తుఫాను ప్రాంతాల్లో ఆ చట్టాన్ని నిలిపేశారు. పనులు త్వరగా, చవకగా అవుతాయన్నది ప్రభుత్వ వాదన. ఇళ్లు పోగొట్టుకున్న స్థానికులకే అన్యాయమని రెండు పార్టీల నుంచీ విమర్శ రావడంతో నవంబరు 8న తిరిగి అమల్లోకి తెచ్చారు.

ఆ తొందరలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కత్రినా, రీటా హరికేన్ల తర్వాత గల్ఫ్ తీరంలో చమురు బావుల సామగ్రిని బాగుచేసే సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ, దాదాపు 500 మంది భారతీయ వెల్డర్లను, పైపు ఫిట్టర్లను తాత్కాలిక వీసాల మీద మిసిసిపీ, టెక్సస్‌ల యార్డులకు తెచ్చుకుంది. గ్రీన్ కార్డు వస్తుందన్న మాట నమ్మి వాళ్లు ఒక్కొక్కరు 10 వేల నుంచి 20 వేల డాలర్ల దాకా అప్పులు చేసి ఏజెంట్లకు కట్టారు. యార్డులోని శిబిరంలో ఒక్కో ట్రెయిలరులో 24 మంది దాకా కుక్కి, అందుకు నెలకు వెయ్యి డాలర్లకు పైగా జీతంలో కోసేవారు. 2008 మార్చిలో వాళ్లు పని మానేసి బయటికి నడిచారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ కోర్టులో జ్యూరీ అయిదుగురు కార్మికులకు 1.41 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. తుఫాను తర్వాత పనివాళ్ల కొరత ఎంత నిజమో, ఆ కొరతను అడ్డం పెట్టుకుని జరిగేవీ అంతే నిజం.

తెరవడం వేరు, కట్టడం వేరు

అతుకులు వేసిన పాంచర్‌ట్రెయిన్ వంతెన ఎంత కాలం ఉంటుంది? మళ్లీ అంత ఉప్పెన వచ్చేదాకా. ఎత్తు పాతదే, బిగింపు పాతదే. కనుక దాన్ని తాత్కాలికమనే అనుకున్నారు. పాతదానికి 300 అడుగుల దూరంలో కొత్త జంట వంతెనలు లేపారు. ఎత్తు 30 అడుగులు, పాతదానికంటే 21 అడుగులు ఎక్కువ. పడవలు వెళ్లేచోట 80 అడుగులు. ఖర్చు 80 కోట్ల డాలర్ల దరిదాపు. మొదటిది 2009లో, రెండోది 2010లో తెరిచారు. 2011లో పని పూర్తయింది. 3.09 కోట్లతో నెలన్నరలో తెరిచిన దారిని స్థిరంగా కట్టడానికి ఆరేళ్లు పట్టింది. ఎంత ఎత్తు పెంచితే అల అందదో తేల్చడానికి, సరస్సు అడుగు మట్టిలో పైళ్లు ఎంత లోతు దిగాలో పరీక్షించడానికి ఆ వ్యవధి అవసరం.

2022 సెప్టెంబరు 28న ఇయన్ హరికేన్ ఫ్లోరిడాలోని సానిబెల్ దీవికి వెళ్లే దారిని తెంచినప్పుడు ఇంకో రకం పాఠం దొరికింది. ఆ దారిలో మూడు వంతెనలు, వాటి మధ్య ఇసుకతో వేసిన రెండు చిన్న దీవులు ఉంటాయి. 2007లో కట్టిన వంతెనలు చెక్కుచెదరలేదు. వాటిని కలిపే ఇసుక కట్ట కొట్టుకుపోయింది. అల రోడ్డు దాటి అవతలికి దూకినప్పుడు అవతలి వాలు నుంచి ఇసుకను కోసుకుంటూ వెనక్కి వస్తుంది. తారు పలక కింద పునాది పోయాక పలక తానే విరిగి పడుతుంది.

ఫ్లోరిడా రవాణా శాఖ సుపీరియర్ కన్‌స్ట్రక్షన్, ది డి మోయా గ్రూప్ సంస్థల ఉమ్మడి బృందానికి డిజైను, నిర్మాణం రెండూ కలిపి అప్పగించింది. మామూలుగా ఇంజనీరు పూర్తి డ్రాయింగు ఇచ్చాక కాంట్రాక్టరు పని మొదలుపెడతాడు. ఇక్కడ ఒకచోట గీస్తూనే ఇంకోచోట కట్టారు. 8,200 లోడ్ల మట్టి, 2,400 లోడ్ల రాయి, 4,000 టన్నుల తారు పోసి తెగిన చోట్లు పూడ్చారు. అక్టోబరు 11న కరెంటు మరమ్మతు వాహనాల కాన్వాయిని ఒకసారి దాటించారు. 19న జనానికి తెరిచారు. ఆ తర్వాత నెమ్మదిగా, కట్ట అంచున స్టీలు షీట్ పైళ్ల గోడ దించి, రాళ్లతో నింపిన పరుపులు పరిచి, ఇసుక కదలకుండా కట్టడం మొదలైంది.

2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ హరికేన్ సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని నార్త్ కరోలినా కొండల్లో వరదలు తెచ్చి, పిజన్ నది పక్కన ఐ-40 రహదారి అంచును కోసుకుపోయింది. అక్కడా ముందు కొండ వాలులోకి పొడవాటి స్టీలు కడ్డీలు దించి మట్టిని బిగించారు. 2025 మార్చి 1న అటొక వరుస, ఇటొక వరుసగా రోడ్డు తెరిచారు. పూర్తి నిర్మాణానికి ఏళ్లు పడుతుంది. ఆ పనిలో డిజైను ముగియకముందే కాంట్రాక్టరును ఎంచుకుని, ఇంజనీర్ల పక్కనే కూర్చోబెట్టారు. ఈ కొండ దారిలో పెద్ద క్రేను ఎక్కడ నిలబెట్టాలి, రాయి ఎక్కడి నుంచి తేవాలి అన్నది డ్రాయింగు వేసేవాళ్లకన్నా అతనికే బాగా తెలుసు.

ఊరినే ఎత్తిన గుత్తేదారులు

ఇదంతా కొత్త సంగతేమీ కాదు. 1900 సెప్టెంబరు 8న టెక్సస్‌లోని గాల్వెస్టన్ దీవి మీద పడ్డ హరికేన్ కనీసం 6 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 8 వేలన్నది ఎక్కువగా చెప్పే అంకె. ఊరు వదిలి పోవాలా, ఉండాలా అన్న ప్రశ్నకు ముగ్గురు ఇంజనీర్ల బృందం రెండు పనులు చెప్పింది: సముద్రానికి అడ్డంగా 17 అడుగుల కాంక్రీటు గోడ, దాని వెనక ఊరి నేలనంతా ఎత్తు చేయడం.

గోడను డెన్వర్‌కు చెందిన జె.ఎం. ఓ'రూర్క్ కంపెనీ 1902 నుంచి 1904 దాకా కట్టింది. మొదటి విడత మూడు మైళ్లకు పైగా పొడవు. సముద్రం వైపు ముఖం లోపలికి వంగి ఉంటుంది, అల దాన్ని తాకి పైకి తిరిగి వెనక్కి పడాలని.

నేల ఎత్తే పనిని గోడ్‌హార్ట్ అండ్ బేట్స్ అనే సంస్థ క్యూబిక్ గజానికి 18.5 సెంట్ల చొప్పున ఒప్పుకుంది. వాళ్లు ఊరి మధ్య నుంచే కాలువ తవ్వి, డ్రెడ్జర్ ఓడలను లోపలికి తెచ్చారు. నీటితో కలిపిన ఇసుకను పైపుల్లో ఇళ్ల కిందికి పంపు చేశారు. నీరు ఇంకిపోయి ఇసుక మిగిలేది. అంతకుముందు ఇళ్లన్నిటినీ జాకీల మీద పైకెత్తాలి. రెండు వేలకు పైగా కట్టడాలు అలా లేచాయి. ఇల్లు ఎత్తే ఖర్చు ఇంటి యజమానిది, కింద నింపే ఖర్చు ప్రభుత్వానిది. 3,000 టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలతో అయిదడుగులు ఎత్తారు. సైగ అందగానే అందరూ ఒకేసారి కొద్దిగా మర తిప్పేవారు. ఒక్క జాకీ ముందుగా లేచినా గోడ పగులుతుంది. 1910 నాటికి మొత్తం 1.63 కోట్ల క్యూబిక్ గజాల ఇసుక ఊరి కింద చేరింది. 1915లో దాదాపు అంతే బలమైన హరికేన్ వచ్చినప్పుడు గోడ వెనక ఉన్న నగరంలో ప్రాణనష్టం చాలా తక్కువ.

మన తీరం సంగతి

తీరంలో కాకపోయినా, మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నీటి గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, ప్రవాహం సాగుతుండగానే స్టాప్‌లాగ్ పలకలు ఒక్కొక్కటే దించి వారంలోపే నీటిని ఆపారు. డ్యాము ఖాళీ కాలేదు, ఆయకట్టు బతికింది. కానీ అది తాత్కాలికం. మొత్తం 33 గేట్లనూ మార్చాల్సిన అసలు పని ఆ తర్వాతది. అత్యవసరంగా ఆపడం, నిదానంగా నిలిచేలా కట్టడం ఇక్కడా రెండు వేరువేరు పనులే.

1977 దివిసీమ ఉప్పెన నుంచి 2014 హుద్‌హుద్ దాకా మన తీరానికి దెబ్బలు కొత్త కాదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోడ్లకడ్డంగా పడ్డ చెట్లు, కూలిన కరెంటు స్తంభాలు చూసినవాళ్లకు మొదటి మూడు రోజుల విలువ తెలుసు. ఆ మూడు రోజులకు కావలసినవి ఏప్రిల్‌లోనో, సెప్టెంబరుకు ముందో సిద్ధం చేసుకోవచ్చు: ఏ మండలంలో ఎవరి దగ్గర ఎన్ని జేసీబీలు, రంపాలు, జనరేటర్లు ఉన్నాయో జాబితా, ముందే ఖాయమైన రేట్లు, శిథిలాలు ఎక్కడ పోయాలో ముందే చూసిన స్థలం, లోడు కొలిచే మనిషి పేరు. వంతెన పడిపోతే అది మూతపడిన ఒక్కో రోజుకు జనానికి ఎంత నష్టమో లెక్కకట్టి టెండరులో వేస్తే, తక్కువ కోట్ చేసి ఏళ్లు సాగదీసే వాళ్లకు పని దక్కదు. సబ్ కాంట్రాక్టు ఎన్ని అంతస్తులు దిగొచ్చో, కింద పనిచేసే కూలీకి రోజుకు ఎంత ముట్టాలో కూడా ఆ పత్రంలోనే రాయాలి. ఇవన్నీ భారీ యంత్రాలు అక్కర్లేని పనులు. తుఫాను లేని రోజుల్లో, ఆఫీసులో కూర్చుని చేయగలిగినవి.